నీటిలో సూక్ష్మ కాలుష్యాలు, 5వ పాఠం: ‘కనబడలేదు’ అంటే సున్నా కాదు

గత పాఠంలో ఇచ్చిన లెక్కకు మీరు పంపిన జవాబులన్నీ చదివాను. సగానికి పైగా ‘డైక్లోఫినాక్ (నొప్పి తగ్గించే మందు) నూరు శాతం పోయింది’ అనే ఉంది. అందుకే ఈసారి మొదలుపెట్టాల్సిన ఓజోన్ శుద్ధి పాఠాన్ని వాయిదా వేస్తున్నాను. ఈ తప్పు సరిదిద్దకుండా ముందుకు వెళ్లడం నాకు ఇష్టం లేదు.

లెక్క ఇదీ: మురుగునీటి శుద్ధి కేంద్రం ఇన్‌లెట్‌లో డైక్లోఫినాక్ లీటరుకు 60 నానోగ్రాములు. అవుట్‌లెట్ రిపోర్టులో ‘కనబడలేదు’. ఆ పద్ధతిలో కనిపెట్టగల కనిష్ఠ స్థాయి 20. మీరు ‘కనబడలేదు’ ఉన్నచోట సున్నా వేసేశారు. కానీ నీళ్లలో 19 ఉన్నా రిపోర్టులో అదే మాట రావచ్చు. అప్పుడు పోయింది 41 మాత్రమే, అంటే 68 శాతం. కాబట్టి మనం ధైర్యంగా రాయగలిగింది ‘కనీసం 67 శాతం’ అని, అంతే. అదే ఇన్‌లెట్‌లో 1200 ఉండి ఉంటే ‘కనీసం 98 శాతం’ అనేవాళ్లం. మందు అదే, మెషీన్ అదే, రిపోర్టులో మాటా అదే.

ఆ 20 కూడా స్థిరం కాదు. మురుగునీటిలోని ఇతర పదార్థాలు మాస్ స్పెక్ట్రోమీటర్‌లో (అణువులను బరువును బట్టి గుర్తించి కొలిచే మెషీన్‌లో) మన మందు సిగ్నల్‌ను అణిచేస్తాయి. అందుకే తేట నీటికి రాసుకున్న కనిష్ఠాన్ని మురుగునీటికి వాడకండి. కొందరు కనిష్ఠంలో సగం, అంటే 10 వేసి లెక్క కడతారు. నేను ఆ పని చేయను. ‘20 కన్నా తక్కువ’ అని ఉన్నదున్నట్టు రాస్తాను.

కొందరికి కార్బమజెపైన్ (మూర్ఛకు వాడే మందు) ఎంత శాతం పోయిందన్న లెక్క మైనస్‌లో వచ్చింది: ఇన్‌లెట్‌లో 400, అవుట్‌లెట్‌లో 450. టెన్షన్ పడకండి, లెక్క తప్పలేదు. శరీరం ఈ మందులో కొంత భాగాన్ని గ్లూకురోనిక్ ఆమ్లంతో ముడివేసి బయటికి పంపుతుంది. ట్యాంకులోని బ్యాక్టీరియా ఆ ముడి విప్పితే మందు మళ్లీ బయటపడుతుంది. ఇంకో కారణం: రెండు శాంపిల్స్‌నూ ఒకే నిమిషంలో ముంచి తెస్తే కూడా ఇలా రావచ్చు. ట్యాంకుల్లో నీళ్లు గంటల తరబడి ఉంటాయి కదా, అవుట్‌లెట్‌లో మీరు పట్టింది ఎప్పుడో లోపలికి వచ్చిన నీళ్లు. నేనైతే ప్రవాహాన్ని బట్టి 24 గంటలూ కొద్దికొద్దిగా పట్టి కలిపిన శాంపిల్‌నే నమ్ముతాను.

నా అడ్డదారి ఒకటి చెబుతాను. ఏ రిపోర్టు వచ్చినా ముందు కార్బమజెపైన్ చూస్తాను. బ్యాక్టీరియాతో చేసే మామూలు జీవశుద్ధికి అది దాదాపు లొంగదు. అది బాగా తగ్గినట్టు కనిపిస్తే సంతోషించను, నీళ్లు ఎక్కడ కలిశాయో వెతుకుతాను.

అభ్యాసం: ఇన్‌లెట్ ప్రవాహం రోజుకు 8,000 ఘనపు మీటర్లు. మధ్యలో వాన నీళ్లు కలిసి అవుట్‌లెట్‌లో 20,000 అయింది. కార్బమజెపైన్ 500 నుంచి 200కి, డైక్లోఫినాక్ 900 నుంచి 240కి తగ్గాయి. లీటరుకు ఒక నానోగ్రాము అంటే ఘనపు మీటరుకు ఒక మైక్రోగ్రాము. నాలుగింటినీ రోజుకు ఎన్ని గ్రాములో లెక్కకట్టి, నిజంగా ఏది ఎంత పోయిందో రాయండి. తర్వాత అవుట్‌లెట్ డైక్లోఫినాక్‌ను తీసేసి ‘కనబడలేదు, కనిష్ఠం 50’ అని పెట్టుకుని మళ్లీ చేయండి. జవాబులో ‘కనీసం’ అన్న మాట ఎక్కడ రావాలో మీరే తేల్చండి.