కొత్త సూపర్‌మ్యాన్ మీద ఫ్యాన్స్ కొట్టుకుంటుంటే ఎవరి మాట విని టికెట్ కొనాలి?

2025 జులై 11, జేమ్స్ గన్ తీసిన సూపర్‌మ్యాన్ రిలీజ్ రోజు. మధ్యాహ్నానికి మా ఫ్రెండ్స్ వాట్సాప్ గ్రూపులో రెండు మెసేజ్‌లు ఒకదాని కింద ఒకటి పడ్డాయి. ఒకడు "ఉడుతని కాపాడాడ్రా, కళ్లలో నీళ్లు తిరిగాయి" అన్నాడు. ఇంకొకడు "ఊరు కూలిపోతుంటే ఉడుతేంట్రా, కామెడీనా?" అన్నాడు. ఇద్దరూ ఒకే హాల్లో, పక్కపక్క సీట్లలో కూర్చుని చూసొచ్చినవాళ్లే. నేనేమో సాయంత్రం షోకి టికెట్ బుక్ చేయాలా వద్దా అని ఫోన్ పట్టుకుని కూర్చున్నాను.

రీబూట్ సినిమాకి ఫ్యాన్స్ టాక్ ఎప్పుడూ ఇలాగే ఉంటుంది. మామూలు సినిమాకి హిట్టా ఫ్లాపా అనేది సాయంత్రానికి తేలిపోతుంది గానీ, అదే హీరోని కొత్త నటుడితో, కథ మళ్లీ మొదటినుంచి ఎత్తుకుని తీస్తే మాత్రం డివైడ్ టాక్ వారాలు, ఒక్కోసారి ఏళ్లు నడుస్తుంది. ఇన్నేళ్లుగా ఈ గొడవలన్నీ చదివి చదివి నాకంటూ ఒక పద్ధతి వచ్చింది, అదే ఇక్కడ రాస్తున్నాను.

మొట్టమొదట చూడాల్సింది సినిమా గురించి అతనేం అన్నాడని కాదు, అతని పాత హీరో ఎవరని. పద్యనాటకాల రోజుల్లో మన పెద్దవాళ్లు "చెల్లియో చెల్లకో" వినడానికి వెళ్లేది కథ తెలియక కాదుగా, ఈ కృష్ణుడు ఆ కృష్ణుడిలా రాగం తీస్తాడా లేదా అని చూడటానికి. రీబూట్‌కి వెళ్లే ఫ్యాన్ కూడా అంతే, తన చిన్నప్పటి హీరోని వెంటబెట్టుకుని వెళ్తాడు. మా వాళ్ల సంగతే తీసుకోండి. ఏడ్చినవాడు వాళ్ల నాన్న తెచ్చిన క్యాసెట్‌లో 1978 నాటి క్రిస్టఫర్ రీవ్ సినిమా చూసి పెరిగాడు. కామెడీనా అన్నవాడికి సూపర్‌మ్యాన్ అంటే 2013లో జాక్ స్నైడర్ తీసిన మ్యాన్ ఆఫ్ స్టీల్, అందులో హీరో హెన్రీ కావిల్. అందులో చివర్లో ఊరు సగం నేలమట్టమవుతుంది, వేరే దారి లేక సూపర్‌మ్యాన్ విలన్ జాడ్ మెడ విరిచేస్తాడు. ఆ సీన్ మీద ఫ్యాన్స్ ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు. పన్నెండేళ్ల తర్వాత ఇంకో సూపర్‌మ్యాన్ ఒక రాక్షస మృగంతో పోట్లాడుతూ మధ్యలో ఆగి, నలిగిపోబోతున్న ఒక ఉడుతని పట్టుకుని పక్కకి తీసుకెళ్లి పెడితే, పాత గొడవకి ఇదే జవాబు అని ఒకడికి అనిపిస్తుంది, తన హీరోని వెక్కిరించినట్టు ఇంకొకడికి అనిపిస్తుంది. రిలీజ్‌కి ముందు వేసిన టెస్ట్ షోలలో కూడా ఆ ఉడుత దగ్గర ఇదే గొడవ జరిగిందని, అయినా దాన్ని ఉంచేశానని గన్ స్వయంగా చెప్పాడు. కాబట్టి ఇద్దరి మెసేజ్‌లూ నిజమే. మీరు ఏ సీట్లో కూర్చుంటారన్నదే తేల్చుకోవాలి.

పాత హీరో ఎవరో అతను నేరుగా చెప్పడు, మాటల్లో పట్టుకోవాలి. "సీరియస్‌నెస్ లేదు, జోకులు ఎక్కువ" అంటే చాలావరకు స్నైడర్ పార్టీ. "ఇన్నాళ్లకి మళ్లీ చిన్నపిల్లాణ్ణయ్యాను", "జాన్ విలియమ్స్ ట్యూన్ వినగానే రోమాలు నిక్కబొడుచుకున్నాయి" (రీవ్ సినిమాకి సంగీతం ఆయనదే) అంటే రీవ్ పార్టీ. "కామిక్స్‌లో ఇలా లేదు" అనేది మూడో పార్టీ, వీళ్లతో కాస్త జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే ఎనభై ఏళ్లకి పైగా వచ్చిన కామిక్స్‌లో లేనిది ఏదీ లేదు. (అన్నట్టు మనకి 1980లో ఎన్టీఆర్ సూపర్‌మ్యాన్ కూడా ఉన్నాడు. కామిక్స్‌కి ఎంత దగ్గర అనే లెక్కలో ఆయన్ని ఎక్కడ నిలబెడతారో నాకైతే అర్థం కాదు.)

ఇంకా సినిమా చూడనివాళ్లు ఈ ఒక్క పేరా దాటేయండి. ఈ మూడో పార్టీ వాళ్లు చెప్పినదాంట్లో ఒకటి మాత్రం నేను సీరియస్‌గా తీసుకున్నాను. సూపర్‌మ్యాన్ కన్నతల్లిదండ్రులు పంపిన సందేశంలో మొదటి సగమే అతను విన్నాడు. రెండో సగం బయటపడితే, భూమ్మీద మనుషుల్ని ఏలమని అందులో ఉంటుంది. ఇది విలన్ లూథర్ అల్లిన అబద్ధమని చివర్లో తేలుతుందేమో అని చాలామంది ఎదురుచూశారు, తేలలేదు. "జోర్-ఎల్‌ని (అంటే ఆ కన్నతండ్రిని) ఇలా చేస్తే కథ పునాదే మారిపోతుంది" అని ఒక ఫ్యాన్ రాస్తే అది సినిమాలో ఉన్న విషయం మీద మాట. ఒప్పుకోకపోయినా చదవాల్సిందే. నాకైతే కన్నవాళ్ల కంటే పెంచినవాళ్ల పెంపకమే అతన్ని మనిషిని చేసిందనే మాట దానివల్ల ఇంకా గట్టిగా వినిపించింది.

రెండోది, రియాక్షన్ కింద తేదీ చూడండి. 2024 మేలో కొత్త సూపర్‌మ్యాన్ డేవిడ్ కొరెన్‌స్వెట్ సూట్ వేసుకుని కూర్చుని బూటు తొడుక్కుంటున్న మొదటి ఫోటో వదిలారు. అంతే, సూట్ ముడతలు పడిందని, వదులుగా ఉందని, ఆ తర్వాత ఎర్ర నిక్కరు మళ్లీ పైకి వచ్చిందని తిట్లు. 2025 మొదట్లో ఒక చిన్న టీవీ ప్రోమో వస్తే, ఎగురుతున్నప్పుడు మొహం గ్రాఫిక్స్‌లా ఉందని ఇంకో రౌండు. ఆ మొహంలో గ్రాఫిక్స్ అస్సలు లేవని గన్ జవాబివ్వాల్సి వచ్చింది. ఇవన్నీ సినిమా చూడకముందు మాటలు. ఎర్ర నిక్కరు కథ కూడా చెప్పాలి. వద్దనుకుంటున్న గన్‌ని ఒప్పించింది కొరెన్‌స్వెటే. ఇన్ని శక్తులున్నవాడు పిల్లలు తనని చూసి భయపడకూడదనుకుంటాడు కదా, అందుకే కుస్తీ పహిల్వాన్‌లా కనిపించాలి అని అతని వాదన. సినిమా చూశాక నిక్కరు గురించి గొణిగినవాళ్లు మా గ్రూపులో ఒక్కడూ లేడు.

పాత్రకి మనిషిని ప్రకటించగానే వచ్చే కోపానికైతే అసలు విలువ కట్టొద్దు. 1988లో బ్యాట్‌మ్యాన్‌గా మైకేల్ కీటన్ అనగానే కామెడీ నటుడా అంటూ వార్నర్ బ్రదర్స్‌కి వేలల్లో ఉత్తరాలు వెళ్లాయి. జోకర్‌గా హీత్ లెడ్జర్ అన్నప్పుడూ నవ్వారు, అదే పాత్రకి అతను చనిపోయాక 2009లో ఆస్కార్ వచ్చింది. 2019లో బ్యాట్‌మ్యాన్‌గా రాబర్ట్ ప్యాటిన్‌సన్‌ని తీసేయమని పిటిషన్ పెట్టారు. అలాగని ముందే భయపడినవాళ్లు ప్రతిసారీ తప్పని కాదు. 2015 ఫెంటాస్టిక్ ఫోర్ మీద ముందునుంచే అనుమానాలుండేవి, తీరా వచ్చాక తొలి ప్రేక్షకులు దానికి సినిమాస్కోర్ అనే ప్రేక్షకుల సర్వేలో సీ మైనస్ గ్రేడు కొట్టారు.

మూడోది కాస్త సున్నితమైన విషయం. కొందరి కోపం సినిమా మీద కాదు, అన్యాయం మీద. 2022 అక్టోబరులో బ్లాక్ ఆడమ్ అనే సినిమా చివర్లో కావిల్ కనిపించి, తిరిగొచ్చేశానని ప్రకటించాడు. డిసెంబరుకల్లా తనిక సూపర్‌మ్యాన్ కాదని అతనే చెప్పుకోవాల్సి వచ్చింది. రెండే నెలలు! ఈ ఫ్యాన్సే అంతకుముందు రిలీజ్ ద స్నైడర్ కట్ అని ఏళ్లపాటు అరిచి, 2021 మార్చిలో జస్టిస్ లీగ్ సినిమాకి స్నైడర్ అనుకున్న నాలుగు గంటల వెర్షన్ సాధించుకున్నవాళ్లు. అరిస్తే దొరుకుతుందని వాళ్లకి అనుభవం. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది, కానీ టికెట్ విషయంలో అది నాకు పనికిరాదు. అందుకే చిన్న పరీక్ష పెడతాను: ఆ పోస్టులోంచి కావిల్, స్నైడర్, గన్ పేర్లు తీసేసి మళ్లీ చదువుతాను. సీన్ గురించి, సంగీతం గురించి, విలన్ గురించి ఒక్క వాక్యమైనా మిగిలితే ఉంచుతాను, ఏమీ మిగలకపోతే వదిలేస్తాను. పొగిడే పోస్టులకీ ఇదే పరీక్ష. "గన్ దేవుడు" అన్నదాంట్లో కూడా ఏమీ మిగలదు.

అంకెలతో జరిగే యుద్ధం గురించి త్వరగా చెప్పేస్తాను. రాటెన్ టొమాటోస్ శాతం అంటే మార్కులు కాదు, రివ్యూ రాసినవాళ్లలో బాగుందన్నవాళ్లు వందకి ఎంతమంది అనే లెక్క. అందరూ "పర్లేదు, ఒకసారి చూడొచ్చు" అన్నా వందకి వంద వస్తుంది. సినిమాస్కోర్ వేరు, అమెరికాలో మొదటిరోజు హాల్లోంచి బయటికొచ్చే మామూలు జనాన్ని అడిగి గ్రేడు ఇస్తారు. తమాషా ఏంటంటే మ్యాన్ ఆఫ్ స్టీల్‌కి వచ్చిందీ ఏ మైనస్సే, కొత్త సూపర్‌మ్యాన్‌కి వచ్చిందీ ఏ మైనస్సే! ప్రపంచవ్యాప్త కలెక్షన్ ఒకదానికి సుమారు 67 కోట్ల డాలర్లు, ఇంకోదానికి 61 కోట్లకి పైన. ఇంత దగ్గరగా ఉన్న రెండు సినిమాల మీదా ఒకటి అద్భుతం, ఇంకోటి ఛండాలం అని యుద్ధం నడుస్తోందన్నమాట, రెండువైపులా.

ఇక మన దగ్గర ఇంకో తిరకాసుంది, అమెరికా వాళ్లు చూసిందీ మనం చూసేదీ ఒకటే కాకపోవచ్చు. ఈ సినిమాలో సూపర్‌మ్యాన్, హీరోయిన్ లోయిస్ ముద్దు సీన్‌ని ఇండియాలో సెన్సార్ దగ్గర 33 సెకన్ల మేర కత్తిరించారు. అక్కడివాళ్లు మురిసిపోయిన సీను ఇక్కడ సగంలో తెగి, హాల్లో జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. డబ్బింగ్ సంగతీ అంతే, గబగబా సాగే వెటకారం డబ్బింగ్‌లో పలచబడిపోతుంది. కాబట్టి ఏ భాషలో, ఏ హాల్లో చూశావని తప్పకుండా అడగండి. మా రెండోవాడు "ఫైట్లు ఏమీ కనపళ్లేదు, చీకటి" అని కూడా రాశాడు. నాలుగు ప్రశ్నలు అడిగితే తేలింది, వాళ్లు వెళ్లింది మసక త్రీడీ షో, కళ్లద్దాల మీద ముందు షోవాడి పాప్‌కార్న్ వేలిముద్రలు కూడా ఉన్నాయట.

నా మాట కూడా ఊరికే నమ్మకండి, నా రికార్డు ఏమంత బాగాలేదు. టోబీ మగ్వైర్ స్పైడర్‌మ్యాన్‌ని తెలుగు డబ్బింగ్‌లో చూసి పెరిగినవాణ్ణి. 2012లో ఆండ్రూ గార్‌ఫీల్డ్‌తో రీబూట్ వస్తే, పదేళ్లు కూడా నిండాయో లేదో మళ్లీ హీరోని పెంచిన అంకుల్ బెన్ చావేనా అని ఇంటర్వెల్‌కే తిట్టడం మొదలుపెట్టాను. 2021 డిసెంబరులో వచ్చిన స్పైడర్‌మ్యాన్ సినిమా నో వే హోమ్‌లో అదే గార్‌ఫీల్డ్, 2014లో ప్రేయసి గ్వెన్‌ని కాపాడలేకపోయిన అదే మనిషి, పైనుంచి పడిపోతున్న ఎమ్‌జే అనే అమ్మాయిని పట్టుకుని ఏడుపు ఆపుకుంటుంటే హాలంతా నిశ్శబ్దం. ఇంటికొచ్చి, అతనికి మూడో సినిమా ఇవ్వాలి అని పోస్ట్ పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. అప్పట్లో తిట్టిన పోస్టు డిలీట్ చేశాకే పెట్టాననుకోండి.

ఇంతకీ ఆ రోజు గ్రూపులో ఇద్దరికీ ఒకే ప్రశ్న పంపాను: "ఇంటికొచ్చాక కూడా గుర్తున్న ఒక్క సీన్ చెప్పండ్రా." మొదటివాడు ఉడుత అన్నాడు. రెండోవాడు చాలాసేపు టైప్ చేసి, చెరిపి, చివరికి "ఆ కుక్క క్రిప్టో మాత్రం బాగుందిరా" అన్నాడు. సాయంత్రం ఆరున్నర షోకి, త్రీడీ కాకుండా, ఇంగ్లీషులో బుక్ చేశాను. ఉడుత సీన్ రాగానే పక్క సీట్లో ఉన్న పాప వాళ్ల నాన్న చెయ్యి లాగి "బతికిందా?" అని అడిగింది. ఆయన ఫోన్ చూసుకుంటున్నాడు. "బతికిందమ్మా" అని నేనే చెప్పాను.