చవక ఎయిర్ రైఫిల్ ట్రిగ్గర్‌ని ఇంట్లోనే బాగుచేసుకుందాం – 2వ భాగం: గ్రీజు, వాటర్ పేపర్, ఓపిక

పోయిన భాగంలో లగేజీ తూకం కొక్కేన్ని ట్రిగ్గర్ మధ్యలో తగిలించి, మెల్లగా వెనక్కి లాగి ఎంత బరువుకి పేలుతుందో రాసుకోమన్నా కదా. రెండు మూడు కిలోలు వచ్చినా కంగారు పడకండి, చవక బ్రేక్ బ్యారెల్ రైఫిళ్లలో అది మామూలే. కాక్ చేశాక, అంటే బ్యారెల్ మడిచి లోపలి స్ప్రింగ్‌ని నొక్కి పెట్టాక, ఆ మెయిన్ స్ప్రింగ్ బలమంతా సియర్ (దాన్ని పట్టి ఆపే కొక్కెం) అంచు మీదే పడుతుంది, ఆ అంచు జారేటప్పటి రాపిడే మన వేలికి గరగరా తగిలేది. జర్మన్ కంపెనీ వైరౌఖ్ వాళ్ల రెకార్డ్ ట్రిగ్గర్‌లో అయితే ఆ బరువుని రెండు మూడు లీవర్లు పంచుకుంటాయి, అందుకే దాని ధరా అలా ఉంటుంది.

ఇవాళ్టి పని. రైఫిల్ ఖాళీగా ఉందని, కాక్ చేసి లేదని చూసుకుని స్టాక్ (భుజానికి ఆనించే చెక్క లేదా ప్లాస్టిక్ భాగం) విప్పండి, మామూలుగా ముందు రెండు పక్కలా రెండు స్క్రూలు, ట్రిగ్గర్ గార్డ్ దగ్గర ఒకటో రెండో ఉంటాయి. ఇక్కడ ఆగండి. కొన్ని మోడళ్లలో ట్రిగ్గర్ బ్లాక్ పిన్నులే మెయిన్ స్ప్రింగ్‌ని కూడా ఆపి ఉంచుతాయి, స్ప్రింగ్ కంప్రెసర్ (స్ప్రింగ్‌ని నొక్కి పట్టే బిగింపు) లేకుండా అవి లాగారంటే బ్లాక్ ఎగిరొచ్చి ముఖానికి తగుల్తుంది. మీది ఆ రకమో కాదో తేలకపోతే పిన్నుల జోలికి పోకండి, పైపైన చేసినా సగం ఫలితం వచ్చేస్తుంది.

పాత జిడ్డు, ఇనుప పొడి గుడ్డతో తుడిచేసి, సియర్ తాకే చోట మాలీ గ్రీజు (మాలిబ్డినం కలిపినది) అగ్గిపుల్లతో కొంచెం, నిజంగా కొంచెమే రాయండి. నూనె మాత్రం పోయొద్దు, అది కంప్రెషన్ చాంబర్‌లోకి (పిస్టన్ గాలిని నొక్కే గది) పాకితే కొట్టినప్పుడు అక్కడ మండి, పొగ, పెద్ద చప్పుడు, చివరికి సీల్ కూడా పోతుంది.

పిన్నులు తీయగలిగే మోడల్ అయితే పిన్నుల్నీ ట్రిగ్గర్ పక్క భాగాల్నీ 1000, తర్వాత 2000 నంబర్ వాటర్ పేపర్‌తో మెరిసేదాకా రుద్దండి. సియర్ అంచుకి మాత్రం ఆకురాయి తగలనివ్వకండి, గట్టిపడిన పొర పైనే పల్చగా ఉంటుంది, అది అరిగినా కోణం మారినా రైఫిల్ తనంతట తనే పేలొచ్చు. బరువు అరకిలోకి దించాలన్న పంతం కూడా వద్దు. మ్యాచ్‌లో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌కి కనీసం 500 గ్రాములు ఉండాలి, రైఫిల్‌కి ఆ రూలే లేదు, నిజమే, కానీ ఆ రైఫిళ్ల ట్రిగ్గర్ మనదాన్లా అంత పెద్ద స్ప్రింగ్‌ని మోయదు. నన్నడిగితే గరగర పోయిన రెండు కిలోలు, గరగరలాడే కిలో కంటే నయం.

అడ్జస్ట్ స్క్రూ ఉంటే ముందు మార్కర్‌తో గీత పెట్టి, పావు తిప్పు చొప్పునే కదపండి.

అంతా బిగించాక బంప్ టెస్ట్ తప్పనిసరి, అంటే కాక్ చేసి పెల్లెట్ పెట్టిన రైఫిల్ దెబ్బ తగిలితే తనంతట తనే పేలుతుందేమో చూడటం. పెల్లెట్ పెట్టేటప్పుడు బ్యారెల్ గట్టిగా పట్టుకోండి, ట్రిగ్గర్ మీద వేలు వద్దు. ఖాళీగా కొట్టకండి, పిస్టన్ సీల్ దెబ్బతింటుంది. మందపాటి బ్యాక్‌స్టాప్ (పెల్లెట్‌ని ఆపే అడ్డు) వైపు గురిపెట్టి, స్టాక్‌ని పక్కల నుంచీ వెనక నుంచీ రబ్బరు సుత్తితో కొట్టండి. ఒక్కసారి పేలినా స్క్రూ మళ్లీ గీత దగ్గరికి తెచ్చి, టెస్ట్ మొదట్నుంచి చేయండి. అక్కడా పేలితే ఆ రైఫిల్ మెకానిక్ దగ్గరికే.