ఒక సంవత్సరాన్ని తిరిగి చూసి రాయడం ఎలా: 1977 ఉదాహరణగా

ఊరి బడి స్వర్ణోత్సవ సంచికకో, పెళ్లయి యాభై ఏళ్లు నిండిన తల్లిదండ్రుల కోసం పిల్లలు అచ్చువేయించే చిన్న పుస్తకానికో, పత్రిక ఆదివారం అనుబంధానికో "ఆ ఏడాది ఏం జరిగింది" అనే వ్యాసం రాయవలసిన పని మనలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది. 2027లో 1977కు యాభై ఏళ్లు నిండుతాయి కనుక ఆ ఏడాది గురించి రాయబూనేవారు ఇప్పటి నుంచే సామగ్రి సమకూర్చుకోవడం మంచిది. ఇటువంటి వ్యాసాల్లో ఎక్కువ భాగం తేదీల పట్టికగా మిగిలిపోతాయి. ఫలానా రోజున ప్రభుత్వం మారిందని, ఫలానా రోజున సినిమా విడుదలైందని వరసగా పేర్చుకుంటూ పోతారు; ఆ రోజుల్లో బతికిన మనిషి చదివితే మాత్రం తన ఏడాది అందులో ఎక్కడా కనిపించదు. నేను పాటించే పద్ధతికి ఆధారం ఒక్కటే. ఆనాటి మనుషులకు సంగతులు ఏ వరసలో తెలిశాయో ఆ వరసలోనే, ఎంతవరకు తెలిశాయో అంతవరకే రాయాలి. కింద చెప్పబోయేదంతా ఆ ఒక్క నియమాన్ని ఆచరణలో పెట్టే విధానమే.

ముందుగా ఏడాదికి హద్దులు గీసుకోవాలి. జనవరి నుంచి డిసెంబరు వరకు అని పెట్టుకుంటే పని సులువే కానీ, తెలుగువారి ఏడాది ఉగాదితో మారుతుందన్న సంగతిని ఒక మూల గుర్తుంచుకోవాలి. 1977 మార్చిలో లోక్‌సభ ఎన్నికల ఫలితాలు వెలువడుతున్న రోజుల్లోనే నల నామ సంవత్సరం వెళ్లిపోయి పింగళ నామ సంవత్సరం వచ్చింది. అందువల్ల పెద్దవాళ్లు "పింగళ"లో జరిగిందని చెప్పిన పెళ్లి 1978 మార్చిదైనా కావచ్చు. ఈ లెక్క తెలియక పుస్తకాల్లో ఏడాది తేడా పడిన సందర్భాలను నేను చాలా చూశాను.

హద్దులు కుదిరాక చాలామంది నేరుగా పాత పత్రికల దగ్గరికి వెళతారు. అలా వెళ్లకండి. ముందు మనుషుల దగ్గరికి వెళ్లండి, ఎందుకంటే పత్రిక చదివిన తరువాత మీరు అడిగే ప్రశ్నలన్నీ పత్రిక అడిగించే ప్రశ్నలే అవుతాయి. "1977లో మీకేం గుర్తుంది?" అని అడిగితే ఎవరికీ ఏమీ గుర్తుకు రాదు. అంకె ఎవరి జ్ఞాపకంలోనూ ఉండదు. మా పెద్దమ్మది కృష్ణా డెల్టాలో, దివిసీమకు ఎగువనున్న ఊరు. ఆమె ఆ ఏడాదిని ఎన్నడూ అంకెతో పిలవలేదు. ఆ నవంబరులో సముద్రం పొంగి దివిసీమను ముంచెత్తింది కనుక "ఉప్పెన వచ్చిన ఏడు" అనే అంటుంది. "ఉప్పెనకి మీ అన్నయ్య కడుపులో ఉన్నాడురా" అన్న ఒక్క మాటతో ఆమెకు ఆ ఏడాది అంతా కదిలివస్తుంది. మీ ప్రాంతంలో ఏ మాటతో ఏడాదిని గుర్తుపెట్టుకున్నారో ముందు ఆ మాటను పట్టుకోండి. వాళ్లు చెప్పినదాన్ని వాళ్ల మాటల్లోనే రాసుకోండి, తేదీలను అక్కడికక్కడ సరిచేయకండి.

సరిచేయకూడదని ఎందుకు అంటున్నానో ఒక ఉదాహరణతో చెబుతాను. ఆ ఏడు సంక్రాంతికి కొత్తగా కాపురానికి వచ్చి "అడవి రాముడు" చూశామని పెద్దమ్మ చెప్పింది. ఆ చిత్రం విడుదలైనది 1977 ఏప్రిల్ 28న. ఆ సంక్రాంతికి, అంటే జనవరి 14న వచ్చినవి "దాన వీర శూర కర్ణ", "కురుక్షేత్రం". ఆమె పొరబడిందనుకుని కొట్టివేయబోయాను కానీ, మరి కాస్త తరచి అడిగితే అసలు సంగతి బయటపడింది. వాళ్లు చూసింది పట్నం హాలులో కాదు, పక్క ఊళ్లో వేసిన టూరింగ్ టాకీసులో, ఉప్పెన వెళ్లిన తరువాత వచ్చిన సంక్రాంతికి. విడుదల తేదీ పట్నానిది. పల్లెకు బొమ్మ వచ్చిన తేదీ వేరు. ప్రింట్లు పట్నాల్లో ఆడి, చిన్న ఊళ్లకు దిగి, గుడారాల దాకా చేరేసరికి నెలలు గడిచిపోయేవి. కనుక సినిమాల గురించి రాసేటప్పుడు విడుదల తేదీతో పాటు మీ ఊరికి అది ఎప్పుడు చేరిందో, నేల టికెట్ మీద కూర్చుని చూసినవారు ఏం చెబుతున్నారో కూడా రాయండి. జ్ఞాపకానికీ రికార్డుకూ పొంతన కుదరనప్పుడు ఏది తప్పో తేల్చేముందు, రెండూ వేరువేరు సంగతులు చెబుతున్నాయేమో చూడండి.

తరువాత పత్రికలు. 1977లో ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ, ఆంధ్రజ్యోతి, ఈనాడు, విశాలాంధ్ర అన్నీ వెలువడుతున్నాయి. సినిమాలకు విజయచిత్ర వంటి మాసపత్రికలు ఉన్నాయి. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, సుందరయ్య విజ్ఞాన కేంద్రం, రాజమహేంద్రవరంలోని గౌతమీ గ్రంథాలయం, చీరాల దగ్గర వేటపాలెంలో 1918లో వెలసిన సారస్వత నికేతనం ఇటువంటి పనికి వెళ్లదగిన చోట్లు. ఏ ఏ సంపుటాలు చూడడానికి ఇస్తారో ముందుగా కనుక్కుని బయలుదేరండి. పాత కాగితం అంచులు ముట్టుకుంటే పొడిగా రాలిపోతాయి కనుక పుటను మూల పట్టి లాగకుండా, కింద అరచేయి పెట్టి నెమ్మదిగా తిప్పాలి. పెన్ను కాకుండా పెన్సిలే తీసుకువెళ్లాలి.

ఏడాది పత్రికలన్నీ చదవడం ఎవరి తరమూ కాదు. నెలకు రెండు రోజులు ఎంచుకోండి, పెద్ద సంఘటనలు జరిగిన రోజుల చుట్టూ మాత్రం వారం పాటు వరసగా చూడండి. చూసిన రోజున పుటంతా చూడాలి. పతాక శీర్షికను మాత్రమే రాసుకుని వచ్చేవారికి ఆ ఏడాది చిక్కదు. సినిమా ప్రకటన, సంతాప సభ, ధాన్యం ధర, పరీక్షా ఫలితాల అంకెలు పక్కపక్కనే ఉన్న పుటే ఆ రోజు పాఠకుడు చూసిన లోకం. ఉదయం పత్రికలో ఉన్నది నిన్నటి వార్త అన్న సంగతి కూడా మరువకూడదు. ఎమర్జెన్సీని ఎత్తివేసింది మార్చి 21న కనుక ఆ వార్త కోసం 22 నాటి సంచిక తీయాలి.

ఇక్కడ 1977కు ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. 1975 జూన్ 25 నుంచి ఎమర్జెన్సీ అమలులో ఉంది, పత్రికల మీద సెన్సార్ ఉంది. జనవరి 18న ఇందిరా గాంధీ ఎన్నికలు ప్రకటించిన తరువాతే ఆ పట్టు సడలింది. అందుచేత జనవరి మొదటి వారాల పత్రికలో ఒక సంగతి లేకపోతే అది జరగలేదని అనుకోవడానికి వీల్లేదు. జైలుకు వెళ్లినవారి ఇళ్లలో ఆ నెలలు ఎలా గడిచాయో పత్రిక చెప్పదు, మనుషులే చెప్పాలి. ఏడాది మొదట్లో మౌనంగా ఉన్న పత్రికే ఏప్రిల్ వచ్చేసరికి ఎంత గొంతెత్తిందో రెండు పుటలను పక్కపక్కన పెట్టి చూపించగలిగితే, ఎమర్జెన్సీ గురించి పేరాలకు పేరాలు రాయవలసిన అవసరం ఉండదు.

చోటు విషయంలోనూ జాగ్రత్త అవసరం. 1977 అనగానే దేశమంతా కాంగ్రెసును ఓడించిందన్న వాక్యం కలం చివరికి వచ్చేస్తుంది. రాయ్‌బరేలీలో ఇందిర ఓడిపోయారు, మార్చి 24న మొరార్జీ దేశాయ్ ప్రధాని అయ్యారు; అది నిజమే. కానీ ఆంధ్రప్రదేశ్‌లో 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెసుకే దక్కాయి. మిగిలిన ఒక్కటి నంద్యాల. అక్కడ గెలిచిన నీలం సంజీవరెడ్డి మార్చి 26న లోక్‌సభ స్పీకర్ అయ్యారు. ఫిబ్రవరిలో ఫకృద్దీన్ అలీ అహ్మద్ మరణంతో ఖాళీ అయిన రాష్ట్రపతి పదవికి ఏకగ్రీవంగా ఎన్నికై, జూలై 25న ప్రమాణం చేశారు. ఢిల్లీ కథను యథాతథంగా ఎత్తి రాస్తే మన ఊరి రచ్చబండ మీద ఆ మార్చిలో జరిగిన చర్చ పూర్తిగా తారుమారవుతుంది. దేశం ఏమైందో ఒక వాక్యంలో చెప్పి, మన దగ్గర ఏమైందో నాలుగు వాక్యాల్లో చెప్పండి.

సినిమాలనూ రాజకీయాలనూ ముడిపెట్టాలన్న తొందర రాసేవారందరికీ ఉంటుంది. సంక్రాంతికి రెండు మహాభారత కథలు ఒకే రోజున పోటీపడ్డాయి, నాలుగు రోజులకే ఎన్నికల ప్రకటన వచ్చింది. దీన్ని ధర్మయుద్ధమని రాస్తే వినసొంపుగా ఉంటుంది కానీ నిజం కాదు. ఆ చిత్రాలు మొదలైనప్పుడు ఎన్నికల మాట ఎవరికీ తెలియదు. ముడి వేయాలంటే కాలం ఒప్పుకోవాలి. అక్టోబరు 21న వచ్చిన "యమగోల"లో కథానాయకుడు యమలోకంలోనే ఉద్యమం లేవదీస్తాడు. ఎమర్జెన్సీ ముగిసిన ఏడు నెలలకు ఆ దృశ్యాలను జనం ఎలా చూశారో అడగడం న్యాయమైన ప్రశ్నే. అప్పుడు హాలులో ఉన్నవారిని అడిగి రాయండి, మీరు ఊహించి రాయకండి. జనం ఎగబడి చూసిన చిత్రాలతోనే ఆగిపోనూ కూడదు. బెంగాలీ దర్శకుడు మృణాల్ సేన్ ప్రేమ్‌చంద్ కథను తీసుకుని తెలుగులో "ఒక ఊరి కథ" తీసినది ఆ ఏడాదే. కుందుర్తి ఆంజనేయులుకు "కుందుర్తి కృతులు" మీద కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చినదీ ఆ ఏడాదే. కోకాకోలా దేశం విడిచి వెళ్లడం, ఆ స్థానంలో ప్రభుత్వ సంస్థ తెచ్చిన కూల్‌డ్రింకుకు ఏడాది పేరుతోనే "డబుల్ సెవెన్" అని పెట్టడం వంటి చిన్న సంగతులకు తలా ఒక వాక్యం చాలు.

పెద్ద విషాదం దగ్గర మాత్రం ఆగాలి. నవంబరు 19, శనివారం, కార్తీక మాసం. తుపానుతో పాటు సముద్రం దివిసీమ మీదికి వచ్చింది. నాగాయలంక, కోడూరు వైపు ఊళ్లు నీళ్ల కింద పడ్డాయి. పది వేల మందికి పైగా చనిపోయారు. దీన్ని సినిమాల జాబితాకూ ఆటల జాబితాకూ మధ్య ఒక అంశంగా ఇరికించడం కన్నా అసలు రాయకపోవడమే నయం. దీనికి విడిగా చోటివ్వండి, నిదానంగా రాయండి. తీగలు తెగి, దారులు మూసుకుపోయిన చోటి నుంచి మృతుల లెక్క ఒక్కసారిగా రాదు, రోజురోజుకూ పెరుగుతూ వస్తుంది. కనుక ప్రతి అంకె పక్కన అది ఏ రోజు పత్రికలోదో రాసుకోండి. అలా పెరిగిన అంకెలను అదే వరసలో చూపిస్తే, బయటి లోకానికి ఆ ఘోరం ఎలా తెలిసివచ్చిందో పాఠకుడికి అర్థమవుతుంది. చూసినవారు "తాడిచెట్టంత అల" అంటారు, లెక్కలు అయిదు మీటర్లంటాయి. రెండూ రాయండి. రాత్రివేళ దాని కింద నిలబడిన మనిషి కళ్లతో కొలిచిన ఎత్తు ఒకటి, నీళ్లు తీసిన తరువాత గోడ మీది మరకతో కొలిచిన ఎత్తు మరొకటి.

వార్తలూ సినిమా నిజంగా ఒకచోట కలిసినది కూడా ఇక్కడే. ఎన్టీఆర్, ఏఎన్నార్ వీధుల్లోకి వచ్చి బాధితుల కోసం విరాళాలు పోగుచేశారు. దూరదర్శన్ హైదరాబాద్ కేంద్రం అక్టోబరు 23న మొదలై అప్పటికి నెల కూడా కాలేదు. దివిసీమ వైపు పల్లెల్లో టీవీ అన్న మాటే లేదు. కబురు రేడియోలో వచ్చింది, మరునాటి పత్రికలో వచ్చింది, తప్పించుకుని వచ్చిన మనిషి నోట వచ్చింది. ఈ మూడింటిలో మీ కుటుంబానికి ఏది ముందు చేరిందో అడిగి తెలుసుకుంటే, ఆ ఒక్క సమాధానమే వ్యాసంలో అన్నిటికన్నా విలువైన వాక్యం కావచ్చు.

రాయడానికి కూర్చున్నప్పుడు రాజకీయాలు, సినిమాలు, సాహిత్యం అని అరలు చేయకండి; నెలల వారీగా వెళ్లండి, అప్పుడు ఎన్నికల ప్రచారం పక్కన సంక్రాంతి సినిమా తనంతట తానే వచ్చి నిలబడుతుంది. సంగతి లేని నెలను నింపాలని చూడకుండా రెండు వాక్యాల్లో దాటేయండి. తరువాత జరిగినవాటిని వెనక్కి లాక్కురాకండి. విరాళాలు అడుగుతున్న ఎన్టీఆర్‌ను "కాబోయే ముఖ్యమంత్రి" అనడం 1977కు ద్రోహం చేయడమే. తెలుగుదేశం పుట్టినది 1982 మార్చిలో, ఆ సంగతి వీధిలో జోలెలో రూపాయి వేసిన మనిషికి తెలియదు. అలాగే 1978 ఫిబ్రవరి శాసనసభ ఎన్నికలను చాలామంది 1977లోకి జరిపేస్తారు. మాటల మధ్య అలా దొర్లితే నోట్సులో గుర్తు పెట్టుకుని తీసేయండి.

చిత్తుప్రతి పూర్తయ్యాక అచ్చుకు పంపకముందే, మీకు మొదట కథ చెప్పినవారికి దాన్ని పైకి చదివి వినిపించండి. చేతికిచ్చి చదవమంటే మొహమాటానికి బాగుందంటారు. వింటున్నప్పుడు మాత్రం తేడా వచ్చిన చోట ఆపుతారు. నేను "ఆ రాత్రంతా గాలి హోరు వినిపిస్తూనే ఉంది" అని చదివినప్పుడు పెద్దమ్మ చేయి అడ్డంపెట్టింది. "రాత్రంతా కాదు నాయనా. ఒక జాములో హోరు ఆగిపోయింది. ఆగాకే భయమేసింది, పశువుల అరుపులు కూడా లేవు" అంది. నేను రాసిన వాక్యం కొట్టేసి ఆమె మాటలనే అక్కడ పెట్టాను.