లీగల్ రిక్రూటర్‌గా ఎదగడం, 3వ పాఠం: లాయర్ సీవీ చదవడం, మొదటి ఫోన్ కాల్

పోయిన పాఠంలో ఇచ్చిన అభ్యాసం చేసే ఉంటారు. ఒక ప్రాక్టీస్ ఏరియా, అంటే లాయర్లు పనిచేసే ఒక చట్ట విభాగం, ఎంచుకుని, అందులో పనిచేసే ఇరవై మంది లాయర్ల పేర్లు, ఫర్మ్‌లు, హోదాలు, అనుభవం ఒక పట్టికలో రాయమన్నాను. ఇప్పుడు ఆ పట్టిక తెరిచి హోదాలు ఒకసారి చూడండి. 'పార్ట్‌నర్' అని రాసి వదిలేశారంటే సగం పనే అయింది. ఫర్మ్ లాభాల్లో వాటా ఉన్న ఈక్విటీ పార్ట్‌నర్ వేరు, పేరుకు పార్ట్‌నరే అయినా జీతం తీసుకునేవారు వేరు. ఫర్మ్ వెబ్‌సైట్ సాధారణంగా ఈ తేడా చెప్పదు. తెలియకపోతే ప్రశ్నార్థకం పెట్టుకోండి, ఊహించి నింపకండి. 'కౌన్సెల్' అనే హోదా ఇంకా చిక్కు. ఒకచోట అది పార్ట్‌నర్ కాబోయే ముందు మెట్టు, ఇంకోచోట పార్ట్‌నర్ అవ్వాలనుకోని సీనియర్లకు ఇచ్చే స్థానం.

అనుభవం లెక్క కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. ఇంగ్లండ్ పద్ధతి నడిచే మార్కెట్లలో పీక్యూఈ అంటారు, అంటే లాయర్‌గా అర్హత వచ్చాక గడిచిన ఏళ్లు. ట్రెయినీగా చేసిన కాలం అందులోకి రాదు. అమెరికా పెద్ద ఫర్మ్‌లలో 'క్లాస్ ఇయర్' చూస్తారు, అంటే మామూలుగా లా స్కూల్ పూర్తిచేసిన సంవత్సరం. మీ పట్టికలో ఏ లెక్క రాశారో ప్రతి పేరు పక్కనా గుర్తు పెట్టండి.

ఇక సీవీ దగ్గరికి వద్దాం. కొత్తవాళ్లు ముందు కాలేజీ పేరు, తర్వాత ఫర్మ్ పేరు చూసి ఆగిపోతారు. ఆ రెండూ చూడడానికి మీరు అక్కర్లేదు, మీ క్లయింట్, అంటే లాయర్‌ని వెతకమని మిమ్మల్ని అడిగిన ఫర్మ్, దాని హెచ్‌ఆర్‌లో ఎవరైనా చూడగలరు. మీరు చదవాల్సింది చేసిన పనుల జాబితా, డీల్ షీట్ అనేది. 'కార్పొరేట్ లాయర్' అన్న మాట ఒక్కటే ఏమీ చెప్పదు. కంపెనీల కొనుగోళ్లు, విలీనాలు చేసేవారు, షేర్ల ఇష్యూలు చూసేవారు, బ్యాంకు రుణాల ఒప్పందాలు రాసేవారు అందరూ ఆ పేరుతోనే కనిపిస్తారు. వీళ్లలో ఒకరి సీటులో ఇంకొకరిని కూర్చోబెట్టలేం.

డీల్ షీట్‌లో మొదట కంటికి తగిలేది డీల్ విలువ. దాన్ని చూసి మురిసిపోకండి. వంద కోట్ల డాలర్ల కొనుగోలులో ఒక జూనియర్ ఆరు నెలల పాటు డేటా రూమ్‌లో (అమ్ముడయ్యే కంపెనీ పత్రాలు ఉంచే చోట) పత్రాలు చదివి డ్యూ డిలిజెన్స్ రిపోర్టులో, అంటే కొనేముందు చేసే తనిఖీ నివేదికలో, తన భాగం రాసి ఉండొచ్చు. అదే వయసు ఇంకో లాయర్ చిన్న ఫర్మ్‌లో చిన్న డీల్‌కి షేర్ కొనుగోలు ఒప్పందం మొదటి డ్రాఫ్ట్ తానే రాసి, అవతలి లాయర్‌తో చర్చలు తానే నడిపి ఉండొచ్చు. క్లయింట్‌కి కావలసింది రెండో మనిషి అయితే, మొదటి సీవీ ఎంత మెరిసినా లాభం లేదు. అందుకే ప్రతి డీల్ దగ్గరా మీ ప్రశ్న ఒకటే: 'ఇందులో మీ చేతిమీదుగా నడిచిన భాగం ఏది?' కోర్టు కేసులు, ఆర్బిట్రేషన్ చేసేవారిని కూడా ఇలాగే అడగాలి. వాదించారా, పిటిషన్ రాశారా, సాక్షుల వాంగ్మూలాలు సిద్ధం చేశారా?

తన క్లయింట్ల రహస్యాలు కాపాడడం లాయర్ బాధ్యత. బయటికి రాని డీల్ పేరు చెప్పమని గుచ్చి గుచ్చి అడగొద్దు. రంగం, సుమారు పరిమాణం, ఏ పక్షం తరఫున చేశారు అన్నవి చాలు. అడక్కుండానే క్లయింట్ల గుట్టు మీకు విప్పేసే అభ్యర్థి దొరికితే సంతోషించకండి. రేపు మీ క్లయింట్ ఫర్మ్ సంగతులు కూడా ఇంకెవరికో ఇలాగే చెబుతారు.

నాలుగేళ్లలో మూడు ఫర్మ్‌లు కనిపిస్తే వెంటనే పక్కన పెట్టకండి. పార్ట్‌నర్ వెళ్తూ టీమ్ మొత్తాన్ని వెంట తీసుకెళ్లడం ఈ రంగంలో మామూలే. మధ్యలో ఏదో కంపెనీలో ఆరు నెలలు పనిచేసినట్టుంటే అది ఉద్యోగం మారడం కాకపోవచ్చు, ఫర్మ్ తన క్లయింట్ దగ్గరికి పంపిన సెకండ్‌మెంట్ కావచ్చు. అనుమానం ఉంటే అడగండి.

ఇప్పుడు ఫోన్ కాల్. ఆఫీసు నంబరుకి చేయొద్దు, ఆఫీసు ఈమెయిల్‌కి రాయొద్దు. ఆ మెయిల్స్ ఫర్మ్ చూడగలదు. మీరు ఎవరో చెప్పి, 'ఇప్పుడు మాట్లాడడానికి వీలవుతుందా అండీ?' అని అడిగి ఆగండి. పక్కన సీనియర్ కూర్చుని ఉంటే వాళ్లు 'తర్వాత చేస్తాను' అంటారు. అది తిరస్కారం కాదు. సాయంత్రం ఏ టైమ్‌కి వీలో అడిగి పెట్టేయండి.

లైన్‌లోకి వచ్చాక ఉద్యోగం గురించి గడగడా చెప్పేయాలన్న తొందర వస్తుంది. ఆపుకోవాలి. మొదటి పది నిమిషాలు వాళ్లవి. మారాలని ఎందుకు అనిపిస్తోంది, ఇప్పటి పనిలో ఏది నచ్చుతోంది, ఐదేళ్ల తర్వాత పార్ట్‌నర్ గదిలో ఉండాలనుందా, కంపెనీ లీగల్ విభాగంలోనా? ఇవి అడిగి వినండి.

మొదటి జవాబు ఎక్కువసార్లు 'జీతం'. దాన్ని అక్కడికక్కడే నమ్మేయకండి. అమెరికా పెద్ద ఫర్మ్‌లలో అసోసియేట్ల (ఇంకా పార్ట్‌నర్ కాని లాయర్ల) జీతాలు క్లాస్ ఇయర్‌ని బట్టి దాదాపు ఒకే స్కేలు మీద నడుస్తాయి. 2023 నవంబరులో మొదటి సంవత్సరం వారికి 2,25,000 డాలర్ల స్కేలు వచ్చాక ఆ స్థాయి ఫర్మ్‌లు ఒకదాని వెంట ఒకటి అదే ఇచ్చాయి. అలాంటి చోట ఒక ఫర్మ్ నుంచి ఇంకోదానికి మారితే మూల వేతనంలో పెద్ద తేడా రాదు. అయినా జనం మారుతూనే ఉన్నారంటే అసలు కారణం ఇంకోటుంది: పని దొరకకపోవడం, పని ఎక్కువైపోవడం, పార్ట్‌నర్‌తో పడకపోవడం, ముందు దారి మూసుకుపోవడం. పని గంటల గురించి తప్పక అడగండి. ఏడాదికి 1,800 నుంచి 2,000 బిల్లబుల్ గంటల లక్ష్యం పెద్ద ఫర్మ్‌లలో మామూలు. క్లయింట్‌కి బిల్లు వేయలేని గంటలు దానికి అదనం. 'గంటలు ఎక్కువా?' అంటే అందరూ అవుననే అంటారు. 'పోయిన నెల వారాంతాలు ఎలా గడిచాయి?' అంటే నిజం బయటికొస్తుంది.

ఒక ప్రశ్న మొదటి కాల్‌లోనే అడగాలి, చాలామంది మొహమాటపడి ఆఖరి దాకా ఆగుతారు: 'మీరు రాజీనామా ఇస్తే మీ ఫర్మ్ జీతం పెంచుతాననొచ్చు. అప్పుడేం చేస్తారు?' ఆఫర్ లెటర్ వచ్చాక ఇది మొదటిసారి తలెత్తితే మీ రెండు నెలల శ్రమ ఒక్క సాయంత్రంలో పోతుంది. నోటీస్ పీరియడ్ కూడా ఇప్పుడే తెలుసుకోండి. అసోసియేట్లకు ఒకటి నుంచి మూడు నెలలు చాలాచోట్ల ఉంటుంది, పార్ట్‌నర్లకు ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది కూడా.

ఇక ఈ పాఠంలో అన్నిటికన్నా ముఖ్యమైన విషయం, అనుమతి. ఫర్మ్ పేరు చెప్పి, ఆ ఫర్మ్‌కి పంపడానికి అభ్యర్థి రాతపూర్వకంగా సరేనన్నాకే సీవీ కదలాలి. 'మంచి ఫర్మ్‌లు ఏవైనా పర్లేదు' అన్న మాట అనుమతి కాదు. లాయర్ల లోకం చిన్నది. మీరు సీవీ పంపిన ఫర్మ్ పార్ట్‌నర్ మీ అభ్యర్థి ఇప్పటి బాస్‌కి సహాధ్యాయి కావచ్చు, లేదా నడుస్తున్న కేసులో అవతలి పక్షం లాయరే కావచ్చు. పైగా ఒకే సీవీ రెండు ఏజెన్సీల నుంచి వస్తే ఫీజు ఎవరిదన్న గొడవ మొదలవుతుంది. ఆ తలనొప్పి ఎందుకని ఫర్మ్ అభ్యర్థినే వదిలేసుకుంటుంది. యూరప్‌లో 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ అనే డేటా రక్షణ చట్టం వ్యక్తిగత సమాచారం ఇష్టానుసారం పంచుకోనివ్వదు. అమెరికాలో నేషనల్ అసోసియేషన్ ఆఫ్ లీగల్ సెర్చ్ కన్సల్టెంట్స్ నైతిక నియమావళి కూడా అభ్యర్థి సమ్మతి కావాలనే చెబుతుంది.

కంటింజెన్సీ పద్ధతిలో, అంటే అభ్యర్థి చేరితేనే ఫీజు వచ్చే చోట, ముందు పంపినవాడిదే పందెం అనిపిస్తుంది. అందుకే సీవీలను గాలిపటాల్లా ఎగరేసే రిక్రూటర్లు పుట్టుకొస్తారు. వాళ్లకు మొదటి ఏడాది నాలుగు డబ్బులు రావొచ్చు. మూడో ఏడాదికి లాయర్లు వాళ్ల ఫోన్ ఎత్తరు. నేనైతే నెలకు మూడే సీవీలు పంపి, మూడూ ఇంటర్వ్యూ దాకా వెళ్లే రిక్రూటర్‌నే పనిలో పెట్టుకుంటాను.

కాల్ అయిన వెంటనే, ఇంకో ఫోన్ ఎత్తకముందే నోట్స్ రాయండి. మారాలనుకునే కారణం మీ మాటల్లో కాదు, వాళ్లు అన్న మాటల్లోనే రాయండి. అలాగే వెళ్లడానికి ఒప్పుకోని ఫర్మ్‌ల పేర్లు కూడా.

ఈ వారం అభ్యాసం. మీ ఇరవై మందిలో ముగ్గురి ప్రొఫైల్ తీసుకోండి. ఒక్కొక్కరి పనుల జాబితాలో అస్పష్టంగా ఉన్న రెండు వాక్యాలు ఎంచి, అసలు పని బయటపడేలా ఒక్కో ప్రశ్న రాయండి. 'అడ్వైజ్డ్ ఆన్' లాంటి మాట కనిపించిందంటే మీ ప్రశ్న అక్కడే ఉంది. తర్వాత ఒక స్నేహితుడిని లాయర్‌గా కూర్చోబెట్టి మొదటి కాల్ రిహార్సల్ చేసి రికార్డు చేయండి. వినేటప్పుడు మీరు ఎంతసేపు మాట్లాడారో, వాళ్లు ఎంతసేపు మాట్లాడారో గడియారం పెట్టి చూడండి. మీ వాటా మూడో వంతు దాటితే మళ్లీ చేయండి. వచ్చే పాఠంలో అవతలి వైపుకి వెళ్దాం: ఫర్మ్ దగ్గర కూర్చుని, వాళ్లకు నిజంగా ఎవరు కావాలో రాబట్టడం.