ఎత్తిన హ్యామర్‌ను దించడం ఎలా? రివాల్వర్‌ను సింగిల్ యాక్షన్‌లో కాల్చేవాళ్ల కోసం

మా పర్లాకిమిడి చుట్టుపక్కల లైసెన్సు రివాల్వర్ ఉన్న ఇళ్లలో చాలామంది దాన్ని ఏడాదికోసారి బీరువాలోంచి తీసి, తుడిచి, మళ్లీ లోపల పెట్టేస్తారు. ఇంకొందరు షూటింగ్ రేంజ్‌కి వచ్చి ఆరు తూటాలూ గబగబా కాల్చేసి, కాగితానికి ఒక్కటీ తగల్లేదని తుపాకీని తిట్టుకుంటూ వెళ్లిపోతారు. తుపాకీలో తప్పేమీ లేదు. బొటనవేలితో హ్యామర్‌ను (తూటాను పేల్చే దెబ్బ కొట్టడానికి తుపాకీ వెనకవైపు ఉండే సుత్తి) వెనక్కి లాగి, ఒక్కో తూటా నిదానంగా కాలిస్తే అదే తుపాకీ ఎంత చక్కగా మాట వింటుందో వాళ్లకు ఎవరూ చూపించలేదు, అంతే.

ట్రిగ్గర్ ఒక్కటే లాగి కాలిస్తే డబుల్ యాక్షన్. హ్యామర్‌ను లేపడం, తూటాలుండే సిలిండర్‌ను తిప్పడం, చివరికి హ్యామర్‌ను వదలడం, ఈ మూడు పనులూ ఆ ఒక్క వేలే చెయ్యాలి. అందుకే ట్రిగ్గర్ బరువుగా, దూరంగా కదులుతుంది, ఆ లాగుడులో గొట్టం పక్కకి పోతుంది. సింగిల్ యాక్షన్‌లో మొదటి రెండు పనులూ బొటనవేలు చేసేస్తుంది. ట్రిగ్గర్‌కు మిగిలేది హ్యామర్‌ను వదలడమే. గాజుపుల్ల విరిగినట్టు టిక్కుమని వదిలేస్తుంది. ఆ టిక్కు కోసమే నేను ఇన్నేళ్లుగా రేంజ్‌కి వెళ్తున్నాను.

ముందు కాగితాల సంగతి. లైసెన్సు ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోండి. అది ఏ ప్రాంతం వరకు చెల్లుతుందో ఒకసారి తీసి చదవండి. మాలాంటి సరిహద్దు ఊళ్లలో ఇది చిన్న విషయం కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఇటు వచ్చింది, పాతపట్నం అటు, ఇప్పటి ఆంధ్రప్రదేశ్ వైపు ఉండిపోయింది. మా చుట్టాల్లో సగంమంది ఇప్పటికీ అటే ఉన్నారు. లైసెన్సులో ఒడిశా వరకే అని రాసి ఉంటే, తుపాకీ నడుముకి కట్టుకుని మహేంద్రతనయ నది దాటి పెళ్లికి వెళ్లడం నేరం. పెళ్లిలో గాల్లోకి కాల్చడమైతే ఎక్కడైనా నేరమే. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత దానికి రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడతాయి. కాల్చాలని ఉంటే అనుమతి ఉన్న రేంజ్‌కే వెళ్లండి. పెరట్లోనో, జీడితోటలోనో, కొండ దిగువనో కాదు.

కావలసిన వస్తువులు: చెవులకు ఇయర్ మఫ్స్, కళ్లకు అద్దాలు, గన్ ఆయిల్, బ్రష్షు, క్లీనింగ్ రాడ్, పాత నూలు లుంగీ చింపిన గుడ్డలు, నాలుగైదు డమ్మీ (పేలని) తూటాలు. డమ్మీలు తప్పనిసరి. ఎందుకో కింద చెప్తాను.

మనవైపు ఎక్కువగా కనిపించేది కాన్పూర్‌లో తయారైన .32 బోరు రివాల్వర్. ఆరు తూటాలు పడతాయి. పాత బ్రిటిష్ వెబ్లీ రివాల్వర్ల పద్ధతిలో నడుం దగ్గర విరిచినట్టు తెరుచుకుంటుంది. ఎడమవైపు ఉన్న లివర్‌ను బొటనవేలితో నొక్కి గొట్టాన్ని కిందికి వంచండి, తూటాలు వెయ్యండి, టక్కున శబ్దం వచ్చేదాకా మూయండి. గొట్టం ఎప్పుడూ టార్గెట్ వైపే ఉండాలి. కాల్చే క్షణం వచ్చేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్లకూడదు.

కుడిచేత్తో పిడిని ఎంత పైకి వీలైతే అంత పైకి పట్టుకోండి. ఎడమచెయ్యి దాని చుట్టూ రావాలి. ఎడమచేతి వేళ్లు ఏవీ సిలిండర్ ముందు భాగానికి చేరకూడదు. సిలిండర్‌కీ గొట్టానికీ మధ్య ఉన్న సన్నని సందులోంచి మంట, సీసపు తునకలు పక్కలకు చిమ్ముతాయి. పక్కన నిలబడ్డవాళ్లు కూడా ఆ సందుకు ఎదురుగా ఉండకూడదు.

హ్యామర్‌ను ఎడమ బొటనవేలితోనే ఎత్తాలి. కుడి బొటనవేలితో ఎత్తితే పట్టు సడలుతుంది, ప్రతి తూటాకూ పిడిని మళ్లీ సర్దుకోవాల్సి వస్తుంది. ఒంటిచేత్తో కుడి బొటనవేలితో ఎత్తేవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్ల టార్గెట్ కాగితం చూస్తే తేడా తెలిసిపోతుంది. చివరిదాకా లాగి, పూర్తిగా నిలిచాకే వేలు తియ్యండి. సగంలో వదలకండి.

కొత్తవాళ్లు పది మీటర్ల దగ్గర మొదలుపెట్టాలి. అంతకంటే దూరం వద్దు. గొట్టం కొసన గురి చూడ్డానికి ఉండే ముందు సైటు స్పష్టంగా కనిపించాలి, టార్గెట్ కాస్త మసకగా ఉన్నా ఫర్వాలేదు. వేలి మొదటి కణుపు మెత్తటి భాగంతో ట్రిగ్గర్‌ను నెమ్మదిగా నొక్కండి. ఎప్పుడు పేలుతుందో మీకే తెలియనంత నెమ్మదిగా నొక్కాలి. వాడ్‌కట్టర్ అనే చదునుమూతి తూటాలు దొరికితే అవే వాడండి. కాగితంలో పంచ్ చేసినట్టు గుండ్రటి చిల్లు పడుతుంది, స్కోరు చూసుకోవడం తేలిక. అంతర్జాతీయ పోటీల్లో 25 మీటర్ల సెంటర్ ఫైర్ పిస్టల్ విభాగంలో షూటర్లు ఏళ్లుగా వాడుతున్నది ఈ .32 వాడ్‌కట్టరే. .32 అంటే చిన్న తూటా, ఎందుకూ పనికిరాదు అనేవాళ్లకు ఈ మాట చెప్పండి.

ఇంతవరకు ఎవరైనా నేర్చుకోవచ్చు. ఇక అసలు విషయం.

హ్యామర్ ఎత్తారు, గురి పెట్టారు, ఇంతలో రేంజ్ ఆఫీసర్ ‘ఆపండి’ అని కేకేశారు. టార్గెట్ల వైపు ఎవరో నడుస్తున్నారు. మీ చేతిలో తూటా ఉన్న రివాల్వర్, హ్యామర్ పైకి ఉంది, చిన్న ఒత్తిడికే పేలిపోయేలా ఉంది. ఇప్పుడు దాన్ని కాల్చకుండా దించాలి. ఈ పని రానివాళ్లు తూటా ఉన్న తుపాకీలో హ్యామర్ ఎత్తకూడదు. నేను ఎవరికి నేర్పినా ముందు దించడమే నేర్పుతాను, కాల్చడం తర్వాత.

కొన్నేళ్ల కిందట ఒక రేంజ్‌లో నా పక్క లేన్‌లో ఒకాయన ఇదే స్థితిలో పడ్డాడు. మనిషి అనుభవం ఉన్నవాడే. అప్పుడే పకోడీలు తిని వచ్చాడు, చేతులు కాగితంతో తుడుచుకున్నాడంతే. కుడి బొటనవేలు హ్యామర్ మీద పెట్టి ట్రిగ్గర్ నొక్కాడు. వేలు జారింది. తూటా మూడడుగుల ముందు నేలలో దిగి దుమ్ము లేచింది. గొట్టం కిందికి, ముందుకి చూపిస్తోంది కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. ఆయన చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. తర్వాత ఆయన తుపాకీ చూశాను. హ్యామర్ తోక మీద వేలికి పట్టు దొరకడానికి చెక్కిన గరుకు గీతలు పూర్తిగా అరిగిపోయి, అద్దంలా నునుపుగా ఉన్నాయి.

కాబట్టి మొదటి జాగ్రత్త చేతులు. సబ్బుతో కడుక్కుని పొడిగా తుడుచుకోండి. మా వైపు వర్షాకాలంలో చెమట ఆరదు, అందుకే గుడ్డ భుజం మీదే ఉండాలి. గరుకు గీతలు అరిగిపోతే లైసెన్సు ఉన్న తుపాకీ మెకానిక్‌కు చూపించండి. మీరే ఆకురాయితో గీకవద్దు.

దించే పద్ధతి ఇది. గొట్టం టార్గెట్ వెనక మట్టికట్ట వైపే ఉండాలి. అటు మనుషులు ఉంటే మీకు ఎదురుగా కొంచెం ముందు నేలకేసి తిప్పండి. ట్రిగ్గర్ మీంచి వేలు పూర్తిగా బయటికి తియ్యండి. ఊపిరి తీసుకోండి, తొందర లేదు. ఎడమ బొటనవేలిని హ్యామర్‌కీ ఫ్రేమ్‌కీ మధ్య ఖాళీలో అడ్డంగా పెట్టండి. అది దిండులా పనిచేస్తుంది, హ్యామర్‌ను పట్టుకునే కుడి బొటనవేలు జారినా హ్యామర్ మీ ఎడమ వేలి మీదే పడుతుంది. నొప్పి పుడుతుంది, గోరు నల్లబడొచ్చు, కానీ తూటా పేలదు. ఇప్పుడు కుడి బొటనవేలి మెత్తటి భాగమంతా హ్యామర్ తోక మీద ఆనించి, కొంచెం వెనక్కి లాగి పట్టుకోండి. వేలి కొసతో కాదు, మొత్తం కండతో. అలా బరువంతా బొటనవేలి మీద ఉన్నప్పుడే ట్రిగ్గర్ నొక్కండి.

హ్యామర్ కొక్కెం నుంచి విడిపోయినట్టు బొటనవేలికి తెలుస్తుంది. తెలిసిన ఆ క్షణమే ట్రిగ్గర్ మీంచి వేలు తీసెయ్యండి. అందరూ తప్పు చేసేది ఇక్కడే. ట్రిగ్గర్ నొక్కిపట్టే హ్యామర్‌ను కిందిదాకా దించుతారు. ట్రిగ్గర్ నొక్కి ఉన్నంతసేపు లోపలి భద్రతా భాగాలు అడ్డురావు. వేలు తీసేస్తే హ్యామర్ జారినా తూటా దాకా వెళ్లకుండా ఆపే అవకాశం ఉంటుంది. వేలు తీశాక హ్యామర్‌ను నెమ్మదిగా ఎడమ వేలి మీదికి తెచ్చి ఆపండి. ఎడమ వేలిని కొద్దికొద్దిగా బయటికి జరుపుతూ, కుడి వేలు వదలకుండా, హ్యామర్‌ను చివరిదాకా దించండి. వెంటనే తుపాకీ తెరిచి తూటాలన్నీ తీసెయ్యండి.

మా మేనల్లుడికి కాశీనగర్ నుంచి వచ్చిన ప్రతిసారీ ఇదే చేయిస్తాను. వాడికి సొంత లైసెన్సు వచ్చి ఏడాదైంది. “మావయ్యా, ఎడమ వేలు పెట్టకుండానే దించగలను కదా” అన్నాడొకసారి. “దించగలవురా, వందసార్లు. నూట ఒకటోసారి కోసమే ఆ వేలు” అన్నాను. డమ్మీ తూటాలు వేసుకుని, అసలు తూటాలు వేరే గదిలో పెట్టి, రోజుకి ఇరవైసార్లు చొప్పున రెండు వారాలు చెయ్యండి. మీ చేతులకు అలవాటైతేనే కేక వినిపించినప్పుడు టెన్షన్ పడకుండా ఉంటారు. ఎవరూ కేకెయ్యకపోతే మాత్రం దించే పని పెట్టుకోకండి. మనసు మారినా సరే, గురి చూసి మట్టికట్టలోకి కాల్చెయ్యండి.

అసలైన సింగిల్ యాక్షన్ రివాల్వర్, అంటే ప్రతిసారీ హ్యామర్‌ను చేత్తో ఎత్తితేనే పేలే 1873 నాటి కోల్ట్ లాంటిది వాడేవాళ్లకు ఇంకో నియమం ఉంది. దాని సిలిండర్‌లో తూటాలకు ఆరు గదులున్నా ఐదే తూటాలు వేసి, హ్యామర్ కింద ఖాళీ గది ఉంచుతారు. హ్యామర్‌ను తూటాకు తగలకుండా కొంచెం వెనక్కి ఆపి ఉంచే దాని సేఫ్టీ గంటు చాలా సన్నది. తుపాకీ కిందపడి హ్యామర్‌కు దెబ్బ తగిలితే గంటు విరిగి పేలొచ్చు. ఒకటి వేసి, ఒకటి వదిలి, నాలుగు వేసి, హ్యామర్‌ను చివరిదాకా ఎత్తి దించితే ఖాళీ గది దానంతటదే హ్యామర్ కిందికి వస్తుంది. 1973లో రూగర్ కంపెనీ ట్రాన్స్‌ఫర్ బార్ (ట్రిగ్గర్ నొక్కితేనే హ్యామర్ దెబ్బను తూటాకు చేర్చే పట్టీ) పెట్టాక ఆ కంపెనీ కొత్త రకాల్లో ఆరూ వెయ్యొచ్చు. నేనైతే ఎందులోనైనా ఐదే వేస్తాను.

కాల్చాక అదే సాయంత్రం శుభ్రం చెయ్యాలి, మర్నాడు కాదు. గొట్టంలోనూ ఆరు గదుల్లోనూ బ్రష్షు తిప్పి, నూలుగుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడిచి, పలచగా గన్ ఆయిల్ రాయండి. కొబ్బరినూనె వద్దు, కొన్నాళ్లకు జిగురుకట్టి హ్యామర్‌ను పట్టేస్తుంది. తోలు కవరులో పెట్టి దాచకండి. తోలు తేమ పీలుస్తుంది, మా వైపు ఒక్క వానాకాలంలోనే తుప్పు చుక్కలు తేలతాయి. పొడి గుడ్డలో చుట్టి ఒక బీరువాలో, తూటాలు ఇంకో బీరువాలో పెట్టి, రెండు తాళాలూ మీ దగ్గరే ఉంచుకోండి.