పాత జీపు స్టీరింగు జోలికి వెళ్లే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

పాత ఫోర్ వీల్ డ్రైవ్ జీపులో స్టీరింగు వదులైందనిపించగానే విజయవాడ ఆటోనగర్‌కు తీసుకెళ్లి స్టీరింగు బాక్సు (స్టీరింగు తిప్పడాన్ని చక్రాల వైపు పంపే గేర్ల పెట్టె) బిగించమని అడగడం చాలామందికి అలవాటు. నా దృష్టిలో అది అన్నిటికన్నా చివర చేయవలసిన పని.

ముందుగా టైర్లలో గాలిని ఉదయం, బండి కదలకముందే చూడాలి. మన ఎండలో నాలుగు వీధులు తిరిగొచ్చాక చూస్తే గేజి ఎక్కువే చూపిస్తుంది.

చక్రాలు నేల మీద ఉండగానే, ఇంజను ఆపి, ఒకరు స్టీరింగును అంగుళం మేర అటూ ఇటూ కదుపుతుండగా, మరొకరు టై రాడ్ (ముందు చక్రాలు రెంటినీ కలిపే కడ్డీ) చివరి జాయింటు మీద అరచేయి ఉంచాలి. రాడ్ ముందు కదిలి, దానికి తగిలించిన, చక్రాన్ని తిప్పే ఆర్మ్ ఒక క్షణం ఆగి కదిలితే జాయింటు అరిగినట్లే; ఆ తేడా కంటికన్నా ముందు చేతికే తెలుస్తుంది. బాక్సు నుంచి చక్రాల వైపు వెళ్లే డ్రాగ్ లింకు కడ్డీనీ, బాక్సును ఛాసిస్‌కు పట్టి ఉంచే బోల్టులనూ ఇలాగే పరీక్షించాలి. కమాను పట్టీల బుష్‌లనూ వదలకూడదు.

ముందు చక్రం పక్కకు తిరిగే చోట ఉండే కింగ్ పిన్ బేరింగులను చూడటానికి చక్రం పైకి లేపవలసి వస్తే, గుంటూరు వైపు నల్లరేగడి నేల వానకు మెత్తబడి జాకీని మింగేస్తుంది కనుక, గట్టి గచ్చు మీదే లేపి, వెనుక చక్రాలకు దిమ్మెలు అడ్డుపెట్టి, యాక్సిల్ కింద స్టాండ్లు ఉంచాలి.

ఇవన్నీ బాగున్నాకే బాక్సు వదులును సరిచేసే స్క్రూ దగ్గరికి రావాలి. దాని మొదటి స్థానాన్ని పెయింటుతో గుర్తుపెట్టుకుని, చక్రాలు నేరుగా ఉంచి, కొద్దికొద్దిగానే తిప్పాలి. అతిగా బిగిస్తే మలుపు తర్వాత స్టీరింగు తనంతట తాను వెనక్కి రాదు. జాయింట్ల నట్లు ఊడకుండా ఆపే స్ప్లిట్ పిన్నులను ఒకసారి విప్పాక మళ్లీ వాడకుండా, కొత్తవి ముందే తెచ్చి పెట్టుకోవాలి.