పద్యంలో గణం తప్పుతోందా? ముందు పదాల మధ్య ఖాళీని చూడండి

లక్షణం: ఉత్పలమాల పాదం చెవికి సాఫీగానే సాగుతుంది గాని, గణవిభజన చేస్తే లఘువు (ఒక మాత్ర అక్షరం) ఉండవలసిన చోట గురువు (రెండు మాత్రల అక్షరం) కనిపిస్తుంది, కొన్నిసార్లు కాగితం మీద ఆ వృత్తపు గణాలైన భ ర న భ భ ర వ సరిపోయినా చదివేటప్పుడు నడక తట్టుకుంటుంది. ఇలాంటప్పుడు చాలామంది చూడవలసినది చూడకుండా ‘మరి’, ‘తగన్’, ‘ఇలన్’ వంటి పదాలు ఇరికించి ఉన్న పాదాన్ని ఇంకా పాడుచేస్తారు.

కారణం: సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం గురువవుతుందన్న సూత్రం అందరికీ తెలుసు. అది పదం దాటి ఎంతవరకు పనిచేస్తుందన్నదే ఎవరూ సరిచూసుకోరు. ‘రాముని ప్రేమచే’ అన్నచోట రెండూ విడి పదాలు కనుక ‘ప్రే’ వెనుకనున్న ‘ని’ని ఊదిపలకము, అది లఘువుగానే ఉండి భగణం, రగణం సరిగా ఏర్పడతాయి. అదే ‘రామప్రేమచే’ అంటే సమాసం; ‘మ’ గురువై, ఆరంభంలోనే మూడు గురువులు వరుసగా వచ్చి మగణమవుతుంది. చిక్కంతా ఆ సమాసాన్ని ‘రామ ప్రేమచే’ అని విడదీసి రాయడం వల్ల వస్తుంది. ఖాళీని చూసి ‘మ’ లఘువనుకుంటాము. ఖాళీని బట్టి లెక్కించే సాఫ్ట్‌వేరూ అలాగే పొరబడుతుంది.

పరిష్కారం: గురులఘువులు గుర్తించే ముందే సమాసాలన్నీ కలిపి రాయండి, తరువాత పైకి చదవండి. లఘువే కావాలంటే సమాసాన్ని విడగొట్టి విభక్తి చేర్చండి. గురువు కావాలంటే ‘రామునిన్ చూచి’ అన్నట్లు ద్రుతాన్ని (పదం చివరి నకారాన్ని) నిలపవచ్చు. అయితే ‘రాముని ప్రేమ’లోని సంబంధార్థపు ‘రాముని’కి ద్రుతం లేదు, అక్కడ నకారపు పొల్లు తగిలిస్తే ఛందస్సు నిలిచి వ్యాకరణం పోతుంది.

యతి (పాదం మొదటి అక్షరంతో నిర్ణీత స్థానంలోని అక్షరానికి ఉండవలసిన మైత్రి) కుదరకపోతే ఆ స్థానంలో సంధి ఉందేమో చూడండి. ‘రాముడతడు’లోని ‘డ’ యతిస్థానంలో పడితే హల్లుతో పనిలేదు, అక్కడున్న ‘అ’కు మైత్రి చూడాలి.

కందం కుంటితే బేసి గణాల్లో జగణం (లఘువు, గురువు, లఘువు) దూరి ఉంటుంది, లేదా రెండేసి పాదాలు కలిపి లెక్కిస్తే వచ్చే ఆరవ గణం నలమో (నాలుగు లఘువులు) జగణమో కాకుండా పోయి ఉంటుంది. నాలుగు పాదాలూ గురువుతో గాని, లఘువుతో గాని ఒకే తీరున మొదలయ్యాయో లేదో కూడా చూడండి.

‘విద్రుచు’ వంటి తెలుగు పదాల్లో రేఫను (‘ర’కారాన్ని) తేల్చి పలికి ముందక్షరాన్ని లఘువుగా వాడడం, అఖండయతి (సంధి జరిగిన అక్షరాన్ని విడదీయకుండా యతి కూర్చడం) చర్చ, ఇవి అరుదు. పైవన్నీ సరిచూశాకే వాటి జోలికి వెళ్లండి.